పాత కంప్యూటరును నేటి నెట్‌వర్కుకు కలపడం: అందులో మిగిలిన తెలుగు పత్రాలను భద్రంగా తెచ్చుకొనే విధానం

ఈ పాఠం ఎందుకు?

1956 నవంబరు 1 వరకు బీదర్ హైదరాబాదు రాష్ట్రంలోని ఒక జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ ప్రాంతాలు నాటి మైసూరు రాష్ట్రంలో చేరాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసి, నేడు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. గీత మారినా రాకపోకలు ఆగలేదు. ఉపాధి కోసం, వ్యాపారం కోసం, పిల్లల చదువు కోసం ఈ నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో నివాసం ఒక రాష్ట్రంలో, పుట్టిన ఊరి పొలం మరొక రాష్ట్రంలో ఉన్నవారు నేటికీ కనిపిస్తారు. ఇటువంటి కుటుంబానికి కాగితమే బంధువు. పాత ఒప్పందం ముసాయిదా, పంపకాల జాబితా, వంశవృక్షం, సంఘం సభ్యుల పట్టిక, దుకాణం పద్దులు వంటివన్నీ ఏదో ఒకనాడు అవసరమవుతాయి.

1995 నుంచి 2005 వరకు ఇటువంటి పత్రాలు ఎన్నో డీటీపీ కేంద్రాలలోనూ, ఇంటి కంప్యూటర్లలోనూ తెలుగులో టైపు అయ్యాయి. అచ్చుకాగితం చెదలపాలైనా, టైపు చేసిన యంత్రం కొన్ని ఇళ్లలో అటక మీద ఇంకా ఉంది. దానిని వెలికితీసి నేటి నెట్‌వర్కుకు కలిపి, లోపలి పత్రాలను బయటకు తెచ్చుకోవడం ఎలాగో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

ఈ వ్యాసకర్త కుటుంబంలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పడం అవసరం. నాన్నగారు ఒక చిన్న పట్టణంలో డీటీపీ కేంద్రం నడిపేవారు. దానిని మూసివేసిన రోజున ఫైళ్లన్నీ ఒక సీడీలోకి ఎక్కించుకొని, కంప్యూటరును పాతసామాను వ్యాపారికి ఇచ్చేశాము. కొన్నేళ్లకు మా చిన్నాన్నగారు వచ్చి, అన్నదమ్ముల మధ్య పొలం హద్దుల గురించి తాతగారు చెప్పి టైపు చేయించిన కాగితం కావాలని అడిగారు. ఫైలు దొరికింది; తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, అర్థం లేని గుర్తులు పుటనిండా పరచుకొని ఉన్నాయి. ఫైలును తెచ్చుకున్నాము గాని, దానిని చదివించే ఫాంటును పాత యంత్రంలోనే వదిలేశాము. అదే ఫాంటు ఉన్న మరో కేంద్రం దొరికేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా అన్నదమ్ముల ఇళ్ల మధ్య మాటలు లేవు.

ఆ అనుభవం నేర్పిన రెండు సూత్రాలే ఈ పాఠానికి పునాది.

ఒకటి: పాత కంప్యూటరును ఇంటర్నెట్టుకు కలపకూడదు. దానినీ, ఒక కొత్త కంప్యూటరునూ మాత్రమే కలిపే చిన్న మూసిన నెట్‌వర్కు చాలు.

రెండు: ఫైలుతోపాటు దాని ఫాంటును కూడా తెచ్చుకోవాలి.

ఏది మారలేదు? ఏది మారింది?

ఇరవై అయిదేళ్ల నాటి యంత్రం నేటి యంత్రంతో మాట్లాడగలదా అన్న సందేహం సహజం. మాట్లాడగలదు. కంప్యూటర్లు పరస్పరం సమాచారం పంపుకొనే నియమావళిని టీసీపీ-ఐపీ అంటారు. ఇంటర్నెట్టుకు పూర్వరూపమైన అమెరికాలోని ఆర్పానెట్ 1983 జనవరి 1న ఈ నియమావళికి మారింది. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. అదే నెలలో విండోస్ 95 విడుదలైంది. ఆనాటి యంత్రం మాట్లాడే నియమావళి, నేటి మన ఇంటి రౌటరు మాట్లాడే నియమావళి మౌలికంగా ఒకటే.

తీగ కూడా పెద్దగా మారలేదు. టెలిఫోను సాకెట్టు కంటే కొంచెం వెడల్పుగా, ఎనిమిది లోహపు స్పర్శలతో ఉండే ఆర్‌జె-45 సాకెట్టు 1990లో ప్రమాణీకరించిన 10 మెగాబిట్ ఈథర్నెట్ నాటినుంచి వాడుకలో ఉంది. నేటి సాధారణ రౌటర్లు, స్విచ్చులు అవతలి యంత్రం వేగాన్ని గుర్తించి, అవసరమైతే 10 మెగాబిట్ల వేగానికి దిగివస్తాయి.

మారినవి ముఖ్యంగా మూడు. మొదటిది వైఫై. పాత యంత్రాలలో అది ఉండదు. ఉన్నా, 2004 నుంచి వచ్చిన డబ్ల్యూపీఏ-2 రక్షణ పద్ధతి వాటిలో చాలావాటికి తెలియదు. రెండవది రహస్య సంకేతీకరణ. నేటి వెబ్‌సైట్లు వాడే సంకేత పద్ధతులు పాత బ్రౌజర్లకు రావు. 1999 నాటి టీఎల్‌ఎస్ 1.0ను ప్రధాన బ్రౌజర్లన్నీ 2020 ప్రాంతంలో వదిలేశాయి. కనుక పాత యంత్రంలో బ్రౌజరు తెరిచినా, నేటి బ్యాంకు సైటుగాని, ప్రభుత్వ సేవల సైటుగాని కనిపించదు. మూడవది ఫైళ్లను పంచుకొనే పద్ధతి. విండోస్ 98, ఎక్స్‌పీ యంత్రాలు వాడిన ఎస్ఎంబీ మొదటి సంచిక ప్రమాదకరమని తేలడంతో, 2017 చివర వచ్చిన విండోస్ 10 సంచిక నుంచి అది సాధారణంగా నిలిపివేసి ఉంటుంది.

ఇంటర్నెట్టుకు ఎందుకు కలపకూడదు?

విండోస్ 98కు తయారీదారు మరమ్మతులు 2006 జులై 11న, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న ముగిశాయి. ఆ తరువాత బయటపడిన లోపాలు ఆ యంత్రాలలో అలాగే మిగిలి ఉన్నాయి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు ప్రోగ్రాం వ్యాపించినప్పుడు, మరమ్మతు వేయని ఎక్స్‌పీ యంత్రాన్ని నేరుగా ఇంటర్నెట్టుకు కలిపితే చాలు, యజమాని ఏ మీటా నొక్కకుండానే అది లోపలికి ప్రవేశించేది. 2017 మే 12న మొదలైన వాన్నక్రై దాడి పైన చెప్పిన ఎస్ఎంబీ లోపం ద్వారానే పాకింది. అది ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల సేవలు నిలిచిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని ఆనాటి పత్రికలు రాశాయి.

మన నగరంలోని నౌబాద్ వద్ద నేల అడుగున ఉన్న బహమనీల కాలపు సురంగ బావిని పాఠకులు చూసే ఉంటారు. భూగర్భంలోని నీరు స్వల్పమైన వాలు వెంట సొరంగంలో ప్రవహిస్తుంది. మధ్యమధ్య నిలువుగా తవ్విన బావుల గుండా గాలి ఆడుతుంది, నీరు తోడుకోవచ్చు, పూడిక తీయవచ్చు. అదే బావి నోరు కాపలా లేక వీధికి తెరిచి ఉంటే, చెత్త కూడా అదే దారిన లోపలికి పడుతుంది. పాత కంప్యూటరు విషయమూ ఇంతే. తోడుకోవడానికి ఒక దారి కావాలి. ఆ దారి వీధికి తెరిచి ఉండకూడదు.

మీట నొక్కడానికి ముందు

ఏళ్ల తరబడి మూలనపడిన యంత్రాన్ని దించగానే కరెంటు ఇవ్వడం ప్రమాదం. ఈ క్రింది జాగ్రత్తలు వరుసగా పాటించండి.

1. కరెంటు తీగ లేకుండానే పెట్టె మూత తీసి, మెత్తని కుంచెతో ఫ్యానులోని దుమ్ము తుడవండి. పాత గాజు మానిటరు మూత మాత్రం ఎన్నడూ తీయకండి. కరెంటు తీసివేసిన తరువాత కూడా అందులో ప్రాణాపాయకరమైన అధిక విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

2. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల పైభాగం ఉబ్బినా, గోధుమరంగు ద్రవం కారినా యంత్రాన్ని నడపకండి. క్రింద చెప్పబోయే మూడవ దారిని అనుసరించండి.

3. వెనుకభాగంలో కరెంటు పెట్టె మీద 115, 230 అని ఎర్రని మీట ఉంటే, అది 230 వైపు ఉన్నదీ లేనిదీ చూడండి. విదేశాలలోని బంధువులు తెచ్చి ఇచ్చిన యంత్రాల విషయంలో ఇది మరీ ముఖ్యం.

4. గడియారాన్ని నడిపే నాణెం ఆకారపు 3 వోల్టుల బ్యాటరీ ఈపాటికి అయిపోయి ఉంటుంది. చాలా యంత్రాలలో ఇది సీఆర్ 2032 రకం. ఏ గడియారాల దుకాణంలోనైనా దొరుకుతుంది. అది మార్చి, యంత్రం తెరుచుకోగానే తేదీ సరిచేయండి. లేకుంటే ఆ తరువాత తాకిన ప్రతి ఫైలుకూ తప్పుడు తేదీ పడుతుంది.

5. హార్డ్ డిస్క్ నుంచి టకటకమనే శబ్దం లయగా వస్తుంటే వెంటనే ఆపివేయండి. ఆ డిస్కుకు మిగిలిన ఆయుష్షు స్వల్పం. దానిని అనుభవజ్ఞుడైన సాంకేతికునికి అప్పగించడం మేలు.

యంత్రం తెరుచుకుంటే, ఏ ఫైలునూ తెరవకముందే ఫైళ్ల జాబితాను పేర్లు, తేదీలు కనబడేటట్లు పెట్టి, సెల్‌ఫోనుతో తెరను ఫొటో తీయండి. తరువాత ముఖ్యమైన పత్రాలను ఒక్కొక్కటిగా తెరిచి, ప్రతి పుటనూ ఫొటో తీయండి. ఏదీ భద్రపరచకుండా మూసివేయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, మిగతా ప్రయత్నాలన్నీ విఫలమైనా మీ చేతిలో మిగిలేది ఈ ఫొటోయే. ఫాంటు మారినప్పుడు అక్షరదోషాలను సరిచూసుకోవడానికి సాక్ష్యమూ ఇదే.

మొదటి దారి: మూసిన నెట్‌వర్కు

ముందుగా ఒక మాట. యంత్రం విండోస్ ఎక్స్‌పీ అయి, యూఎస్‌బీ సాకెట్టు పనిచేస్తుంటే నెట్‌వర్కు అక్కరలేదు. ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఖాళీ పెన్‌డ్రైవ్ చాలు. విండోస్ 98లో సాధారణంగా పెన్‌డ్రైవుకు విడిగా డ్రైవరు ప్రోగ్రాం కావాలి. విండోస్ 95, డాస్ యంత్రాలకు ఆ మార్గం దాదాపు లేనట్లే. అప్పుడే నెట్‌వర్కు అవసరం పడుతుంది.

కావలసినవి: పాత యంత్రంలో ఆర్‌జె-45 సాకెట్టు ఉన్న నెట్‌వర్కు కార్డు, ఇంటిలో వాడకుండా పడి ఉన్న ఒక రౌటరు, రెండు ఈథర్నెట్ తీగలు, ఒక కొత్త ల్యాప్‌టాప్. పాత యంత్రం వెనుక కనబడే సన్నని సాకెట్టు మోడెముది. అందులోకి టెలిఫోను తీగ మాత్రమే వెళుతుంది. దానిని చూసి నెట్‌వర్కు సాకెట్టు అనుకోకండి. కార్డు లేకపోతే రియల్‌టెక్ 8139 చిప్పు ఉన్న పాత పీసీఐ కార్డు ఒకటి సంపాదించండి. దానికి విండోస్ 98 డ్రైవరు ఉంది.

రౌటరుకు ఇంటర్నెట్టు వచ్చే తీగను, అంటే సాధారణంగా వేరే రంగులో ఉండే వాన్ సాకెట్టులోని తీగను, పూర్తిగా తొలగించండి. కొత్త ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపివేయండి. ఇప్పుడు రెండు యంత్రాలనూ రౌటరులోని మిగిలిన సాకెట్లకు కలపండి. ఈ చిన్న లోకానికి బయట దారి లేదు. మనకు కావలసిన నెట్‌వర్కు ఇదే.

తరువాత రెండింటికీ చిరునామాలు ఇవ్వాలి. రౌటరు సాధారణంగా 192.168.1.1 వంటి చిరునామాలో ఉంటుంది. పాత యంత్రానికి 192.168.1.10, కొత్తదానికి 192.168.1.20 ఇవ్వండి. రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. విండోస్ 98లో కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ భాగంలో, టీసీపీ-ఐపీ లక్షణాలలో ఇవి నింపాలి. గేట్‌వే అనే గడిని ఖాళీగా వదలండి. గేట్‌వే అంటే బయటి లోకానికి వాకిలి. దాని చిరునామా తెలియని యంత్రం, ఎవరైనా పొరపాటున ఇంటర్నెట్టు తీగ గుచ్చినా, తనంతట తాను బయటకు మాట్లాడలేదు.

పాత యంత్రంలో పింగ్ అనే ఆదేశంతో 192.168.1.20ను పిలవండి. జవాబు వస్తే దారి ఏర్పడినట్లే. జవాబు రాకపోతే తొందరపడకండి: ముందు తీగ బిగించి ఉన్నదా, కార్డు దీపం వెలుగుతున్నదా, చిరునామాలలో అంకె తప్పిందా, ల్యాప్‌టాప్‌లోని ఫైర్‌వాల్ అడ్డుపడుతున్నదా అన్న క్రమంలో చూడండి.

ఇక ఫైళ్లు పంపడం. ఎస్ఎంబీ పాత సంచికను కొత్త ల్యాప్‌టాప్‌లో తిరిగి తెరవమని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా వినకండి. ఎఫ్‌టీపీ అనే పాత పద్ధతి మనకు చాలు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఒక ఎఫ్‌టీపీ సర్వరు ప్రోగ్రామును నడిపి, ఖాళీ ఫోల్డరు ఒకటి దానికి చూపండి. టీసీపీ-ఐపీ ఉన్న విండోస్ 95, 98 యంత్రాలలో ఎఫ్‌టీపీ ఆదేశం ముందే ఉంటుంది. దానితో ల్యాప్‌టాప్‌ను చేరి, మొదట బైనరీ అనే ఆదేశం ఇవ్వండి. ఇది మరువరాదు. లేకుంటే యంత్రం ప్రతి ఫైలునూ ఉత్త అక్షరాల ఫైలుగా భావించి, పంక్తి చివరి గుర్తులను మార్చివేస్తుంది. పత్రాలూ ఫాంట్లూ పాడవుతాయి. ఎఫ్‌టీపీలో సమాచారం రహస్య సంకేతం లేకుండా వెళుతుంది. అందుకే ఇంటర్నెట్టు మీద అది తగదు. మన మూసిన నెట్‌వర్కులో వినేవారు లేరు కనుక అభ్యంతరం లేదు. ఈ పద్ధతిలో పంపిన ఫైలుకు సాధారణంగా పంపిననాటి తేదీ పడుతుంది. అసలు తేదీ ముందుగా తీసుకున్న జాబితా ఫొటోలో ఉంటుంది.

యంత్రం డాస్ కాలపుదైతే మైకేల్ బ్రూట్‌మన్ రచించిన ఎమ్‌టీసీపీ అనే ఉచిత ప్రోగ్రాముల సంపుటి ఉపకరిస్తుంది. 1981 నాటి ఐబీఎం పీసీ కూడా దాని సాయంతో నేటి నెట్‌వర్కులో చేరగలదు. డాస్‌లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలకు, పొడిగింపు మూడు అక్షరాలకు పరిమితం. కనుక ఏ కురచ పేరు ఏ పత్రానిదో కాగితం మీద రాసుకోండి.

రెండవ దారి: సీరియల్ తీగ

నెట్‌వర్కు కార్డు దొరకనప్పుడు వెనుకనున్న తొమ్మిది సూదుల సీరియల్ సాకెట్టును వాడవచ్చు. నల్ మోడెమ్ అనే తీగతోపాటు, కొత్త ల్యాప్‌టాపుకు యూఎస్‌బీ నుంచి సీరియలుకు మార్చే చిన్న పరికరం అవసరం. విండోస్ 95, 98లలోని హైపర్‌టెర్మినల్ ద్వారా, అవతల అటువంటిదే మరొక ప్రోగ్రాం ఉంచి, జెడ్‌మోడెమ్ పద్ధతిలో ఫైళ్లు పంపాలి.

దీని వేగం తక్కువ. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక అక్షరానికి పది బిట్లు పడతాయి కనుక సెకనుకు 960 అక్షరాలు వెళతాయి. ఒక మెగాబైటుకు దాదాపు 18 నిమిషాలు, నిండిన 1.44 మెగాబైట్ల ఫ్లాపీ అంత సమాచారానికి 26 నిమిషాలు. ఫొటోలకు ఇది పనికిరాదు. మాటలతో నిండిన పత్రాలకు మాత్రం చాలు. ఒక కుటుంబం పత్రాలన్నీ ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి.

మూడవ దారి: డిస్కును విడదీయడం

యంత్రం తెరుచుకోకపోయినా హార్డ్ డిస్క్ బాగుండవచ్చు. వెడల్పైన రిబ్బను తీగతో కలిపి ఉండే ఐడీఈ డిస్కును జాగ్రత్తగా విప్పి, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే పరికరంతో కొత్త ల్యాప్‌టాపుకు కలపాలి. డిస్కు వెనుకనున్న చిన్న జంపరు మాస్టరు స్థానంలో ఉండాలి. ల్యాప్‌టాప్ ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. ఆ ఒక్క నొక్కుతో పాత దారి మూసుకుపోతుంది.

ఏ దారిన వచ్చినా ఫైళ్లను తెరవకముందే యాంటీవైరస్ పరీక్ష చేయించండి. 1990లలో పత్రాలలోని మాక్రోల ద్వారా వ్యాపించిన వైరసులు ఆ ఫైళ్లలో ఇంకా నిద్రిస్తూ ఉండవచ్చు.

ఫైలు వచ్చింది, తెలుగు ఏది?

ఇక్కడే చాలామంది ప్రయాణం ఆగిపోతుంది. కారణం తెలియాలంటే తెలుగు అక్షరం కంప్యూటరులో ఎలా నిలిచిందో కొంత తెలుసుకోవాలి.

తెలుగు నేలకు కంప్యూటరు కొత్త కాదు. 1967లో హైదరాబాదులో నెలకొన్న ఈసీఐఎల్ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరును దేశంలో తయారు చేసింది. అయితే యంత్రం తెలుగు నేర్వడం తరువాతి కథ. ఐఐటీ కాన్పూరులో మొదలై సీ-డాక్‌లో వృద్ధిచెందిన జిస్ట్ సాంకేతికత భారతీయ లిపులను డాస్ తెరపైకి తెచ్చింది. భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడి సంకేతమైన ఇస్కీ 1991లో భారత ప్రమాణంగా వెలువడింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు చోటు దక్కింది. కాని సామాన్యుని విండోస్ యంత్రంలో తెలుగు యూనికోడ్ స్థిరపడింది ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఫాంటుల కాలంలో. ఆ మధ్యకాలమంతా డీటీపీ కేంద్రాలు అను, శ్రీలిపి వంటి ప్యాకేజీలతో పనిచేశాయి.

ఆ ఫాంట్ల పద్ధతి వేరు. యంత్రం దృష్టిలో అక్కడ ఉన్నది ఇంగ్లీషు అక్షరం లేదా గుర్తు. ఫాంటు మాత్రం ఆ అక్షరం స్థానంలో తెలుగు అక్షరపు ముక్కను గీస్తుంది. తలకట్టు ఒక ముక్క, అక్షరపు ఒడలు ఒక ముక్క, వత్తు ఒక ముక్క, గుడి ఒక ముక్క. ముక్కలను పేర్చితే కంటికి తెలుగు. ఫాంటు తీసివేస్తే మిగిలేది అర్థం లేని గుర్తుల వరుస. యూనికోడులో అలా కాదు. ‘క’కు 0సి15 అనే సొంత సంఖ్య ఉంది. ‘క్ష’ అంటే క, పొల్లు, ష అన్న వరుస. ఏ ఫాంటు పెట్టినా అక్షరం మారదు, రూపం మాత్రమే మారుతుంది.

కనుక పాత యంత్రం నుంచి ఫైళ్లతోపాటు విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ అనే ఫోల్డరును పూర్తిగా తెచ్చుకోండి. ఏ ఫాంటు ఏ పత్రానిదో తరువాత తేల్చుకోవచ్చు. ఆ ప్యాకేజీ పేరు, సంచిక సంఖ్య కూడా రాసిపెట్టుకోండి. కొత్త యంత్రంలో ఆ ఫాంటును ఉంచితే పత్రం మొదట చదవడానికి వీలవుతుంది. ఆ తరువాత ఆ ఫాంటుకు తగిన మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడులోకి మార్చుకోవాలి. ప్రతి ఫాంటు కుటుంబానికీ ముక్కల అమరిక వేరు కాబట్టి, ఒకదాని మార్పిడి పట్టిక మరొకదానికి సరిపోదు.

మార్చిన పాఠాన్ని తప్పక సరిచూడండి. వత్తులు పక్క అక్షరానికి చేరడం, ఎత్వం ఏత్వంగా మారడం, సున్న జారిపోవడం సాధారణంగా కనిపించే దోషాలు. సర్వే నంబర్లు, ఎకరాలు గుంటలు, తేదీలు, వ్యక్తుల పేర్లను ముందు తీసిన ఫొటోతో పోల్చి, ఇద్దరు మనుషులు కూర్చొని ఒకరు చదువుతుండగా మరొకరు చూడాలి. సర్వే నంబరులో ఒక అంకె మారితే మారేది పొలమే.

వెలికితీసిన తరువాత

పత్రాన్ని మూడు చోట్ల ఉంచండి: ఇంటి కంప్యూటరులో ఒకటి, విడిగా దాచిన పెన్‌డ్రైవులో ఒకటి, ఊరిలోని బంధువుల వద్ద ఒకటి. మూల ఫైలును, ఫాంటును, యూనికోడు ప్రతిని, ఫొటోలను ఒకే ఫోల్డరులో కలిపి ఉంచడం మంచిది. ఒక కాగితపు ప్రతి కూడా తీయండి.

కంప్యూటరులో దొరికిన ముసాయిదా రిజిస్టరైన దస్తావేజు కాదని గుర్తుంచుకోండి. అది ఏనాడు ఏమి అనుకున్నారో చెప్పే ఆధారం. ఏ కార్యాలయంలో ఏ పత్రం వెతకాలో చూపే దారి. కర్ణాటకలోని భూమికి సంబంధించిన పహణిని భూమి పథకం క్రింద పొందవచ్చు; రిజిస్టరైన దస్తావేజు ధ్రువీకృత నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ 1998లోనే కార్డ్ పథకంతో కంప్యూటర్లలోకి వచ్చింది. కనుక ఆ తరువాతి తెలుగు ప్రాంతపు దస్తావేజులకు సంఖ్య, సంవత్సరం తెలిస్తే వెతకడం సులభం. ఆ సంఖ్య మీ పాత ముసాయిదా పక్కనే ఏదో ఫైలులో ఉండవచ్చు.

ఇక యంత్రం సంగతి. పత్రాలు సరిచూసుకున్న తరువాత కూడా కనీసం ఒక ఏడాది దానిని ఉంచండి. వదిలించుకోవలసి వస్తే హార్డ్ డిస్కును విప్పి మీవద్దే ఉంచుకోండి. మిగిలినదానిని చెత్తకుండీలో వేయవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, అది నమోదైన రీసైక్లింగు సంస్థలకు చేరాలి. గాజు మానిటరులో సీసం ఉంటుంది. పగిలితే నేలకూ నీటికీ హాని.

ఈ పని చేసిపెడతామంటూ ఫోనులో డబ్బు అడిగేవారిని, మీ కంప్యూటరును దూరం నుంచి చూస్తామనేవారిని నమ్మకండి. మోసపోయినట్లు గ్రహించిన వెంటనే జాతీయ సహాయ సంఖ్య 1930కు ఫోను చేయండి.

పాఠం ఆరంభంలో చెప్పిన కాగితం చివరకు తెలుగులో చదువుకోగలిగాము. అందులో తాతగారు హద్దుగా చెప్పింది ఒక చింతచెట్టును. చెట్టు ఆనాటికే లేదు. కాని ఎక్కడ ఉండేదో ఊళ్లో ఇద్దరు పెద్దలకు గుర్తుంది. వారి ఎదుట ఆ కాగితం చదివిన తరువాతే మా చిన్నాన్నగారు మా ఇంట్లో భోజనం చేశారు. మీ అటక మీది యంత్రంలోనూ అటువంటి వాక్యం ఒకటి ఉండవచ్చు. దానిని తెలిసినవారు ఉండగానే బయటకు తీయండి.

స్వయంపరిశీలన

1. పాత యంత్రానికి చిరునామా ఇచ్చేటప్పుడు గేట్‌వే గడిని ఎందుకు ఖాళీగా వదలాలి?
2. ఎఫ్‌టీపీలో బైనరీ ఆదేశం ఇవ్వకపోతే ఏమి జరుగుతుంది?
3. మీ పత్రం 3 మెగాబైట్లు. 9600 బిట్ల సీరియల్ తీగ మీద అది రావడానికి సుమారు ఎంతసేపు పడుతుంది?
4. ఫైలు ఉండి ఫాంటు లేకపోతే తెలుగు ఎందుకు కనిపించదు?
5. మీ ఇంట్లోగాని, బంధువుల ఇంట్లోగాని 2005కు ముందటి కంప్యూటరు ఉన్నదా? అందులో ఏమి టైపు చేశారో ఇంటి పెద్దలను అడిగి, ఒక జాబితా రాయండి.